లెక్క చూసుకోవడం అవిశ్వాసమా?

ప్రశ్న: అయ్యగారికి ప్రభువు నామమున వందనములు. నేను హైదరాబాదులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో 11 ఏళ్లుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. జీతం 38,000, అందులో మూల వేతనం 18,000. పార్వతీపురం అవతల మన్యంలో ఉన్న ఒక చిన్న మిషన్ ఆసుపత్రివారు నన్ను రమ్మంటున్నారు. నెలకు 17,000 జీతం, ఉండటానికి క్వార్టర్సు ఇస్తామన్నారు. గిరిజనుల మధ్య సేవ చేయాలన్న భారం నర్సింగ్ చదివే రోజులనుండి నాకు ఉంది. నా భర్త ఒక బైకుల షోరూములో స్పేర్ పార్ట్స్ విభాగం చూసుకుంటారు. ఆయన వద్దనడం లేదు, సరే అనడమూ లేదు. ఫ్లాటుకు నెలకు 14,500 ఇ.ఎం.ఐ. కడుతున్నాము. పాప వచ్చే మార్చిలో పదో తరగతి పరీక్షలు రాస్తుంది. అత్తగారికి షుగరు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో నాకు వచ్చిన వాగ్దాన కార్డులో ధైర్యంగా ఉండమని చెప్పే యెహోషువ 1:9 వచనం ఉంది. స్త్రీల కూడికలో ఈ విషయం చెప్పి ప్రార్థించమంటే, "లెక్కలు వేసుకునేవాళ్లు పేతురులాగా నీళ్లమీద నడవలేరు. రేపే రాజీనామా ఇచ్చెయ్యి, పి.ఎఫ్. డబ్బుతో కొన్నాళ్లు గడుపు, ఆ తరువాత దేవుడే చూసుకుంటాడు" అన్నారు. పాస్టరుగారు, ప్రార్థనమీదే ఆధారపడి అనాథలను పోషించిన జార్జి ముల్లర్‌గారి జీవితం గుర్తుచేశారు. లెక్క చూసుకోవడం నిజంగా అవిశ్వాసమేనా? ఒకవేళ వెళ్లి, అక్కడ నిలబడలేక తిరిగి వస్తే దేవుని నామానికి అవమానం కాదా?
— ఒక సహోదరి, హైదరాబాదు

సమాధానం:

ప్రియమైన సహోదరీ, వందనములు. మీరు అడిగినదానికి సూటిగా చెప్పాలంటే, లెక్క చూసుకోవడం అవిశ్వాసం కాదు. మీకున్న భారం ఇన్నేళ్లయినా చల్లారలేదు గనుక దానిని తేలికగా తీసివేయకూడదని, మీ భర్త మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే మీరు వెళ్లడమే మంచిదని కూడా నా అభిప్రాయం. అయితే రేపే రాజీనామా ఇవ్వమన్న సలహాతో మాత్రం నేను ఏకీభవించలేను.

ముందుగా పేతురు సంగతి చూద్దాం. మత్తయి 14వ అధ్యాయాన్ని నిదానంగా చదివితే, ప్రభువు నీళ్లమీద నడిచి రావడం చూసి పేతురు ఉన్నపళంగా పడవలోనుండి దూకలేదని తెలుస్తుంది. "ప్రభువా, నీవే అయితే" అని మొదలుపెట్టి, రావడానికి సెలవు ఇమ్మని అడిగాడు. "రమ్ము" అని ప్రభువు చెప్పిన తరువాతనే దిగాడు. పక్కనున్న శిష్యులు ఆయనను తోయలేదు. పడవలోనే ఉండిపోయిన మిగిలిన పదకొండుమందిని ప్రభువు గద్దించనూ లేదు. ఆ వచనాన్ని ఇతరులకు రాజీనామా పత్రం రాయించడానికి ఉపయోగించేవారు ఈ రెండు సంగతులనూ దాటవేస్తారు. పేతురు సందేహించినందుకు ప్రభువు మందలించిన మాట నిజమే, కానీ అది పిలుపు విని దిగిన తరువాత గాలిని చూసి కలిగిన భయం గురించిన మాట; దిగకముందు అడిగిన ప్రశ్న గురించి ప్రభువు ఒక్క మాటా అనలేదు.

మీ ప్రశ్నకు నేరుగా తగిలే ఘట్టం ఎజ్రా గ్రంథంలో ఉంది. బబులోనునుండి యెరూషలేముకు ప్రజలను తీసుకువెళ్తూ ఎజ్రా అహవా నదివద్ద మూడు రోజులు గుడారాలు వేయించి ఉపవాసం ప్రకటించాడు. దారిలో దొంగల భయం ఉంది, వెంట చిన్నపిల్లలు ఉన్నారు, దేవాలయానికి చేర్చవలసిన వెండి బంగారాలు ఉన్నాయి. తనను వెదకువారికి దేవుని హస్తం తోడుగా ఉంటుందని రాజు ఎదుట సాక్ష్యం చెప్పి ఉన్నాడు గనుక, ఇప్పుడు సైనికులనూ రౌతులనూ పంపమని అడగడానికి తనకు సిగ్గు కలిగిందని ఆయనే రాసుకున్నాడు. ఇంతవరకు మన కూడికల్లో చాలాసార్లు వింటాము. దాని తరువాతి వచనాలు వినిపించడం మాత్రం అరుదు. సైన్యం వద్దన్న ఆ ఎజ్రాయే యాజకులలో పన్నెండుమందిని ఏర్పరచి, వెండిని, బంగారాన్ని, ఉపకరణాలను తూకం వేసి వారి చేతికి అప్పగించాడు. యెరూషలేములో మళ్లీ తూకం వేసి ఒప్పజెప్పేవరకు జాగ్రత్తగా కాపాడమని ఆజ్ఞాపించాడు. అక్కడికి చేరాక నాలుగవ దినమున అన్నిటినీ మళ్లీ తూచి, లెక్కపెట్టి, ఆ తూకమంతా అప్పుడే రాశారని 8వ అధ్యాయం చెబుతుంది. ప్రాణాల విషయంలో దేవునిమీద ఆనుకున్న మనిషి ధనం విషయంలో తక్కెడ పట్టుకున్నాడు. ఆ రెండింటి మధ్య ఆయనకు ఏ వైరుధ్యమూ కనిపించలేదు.

కొన్నేళ్ల తరువాత అదే దారిలో నెహెమ్యా వచ్చాడు. ఆయన రాజు పంపిన సేనాధిపతులతో, గుర్రపు రౌతులతో ప్రయాణం చేశాడు. యెరూషలేము పాడైపోయిందన్న వార్త కిస్లేవు మాసంలో విన్నాడు, నీసానులో గాని రాజు ఎదుట నోరు విప్పలేదు. అంటే సుమారు నాలుగు నెలలు ప్రార్థనలోనే గడిచాయి. నోరు విప్పినప్పుడు మాత్రం, రాజు అడిగిన వెంటనే ఎంతకాలం పడుతుందో చెప్పగలిగాడు, నది అవతలి అధికారులకు లేఖలు అడిగాడు, గుమ్మాలకు దూలాలు ఇప్పించమని రాజు అడవుల కాపరి ఆసాపు పేర మరొక లేఖ అడిగాడు. ఒకరు రాజు సైన్యం వద్దన్నారు, మరొకరు ఉండనిచ్చారు. ఇద్దరి విషయంలోనూ దేవుని కరుణాహస్తం తోడుగా ఉన్నదనే వాక్యం చెబుతుంది. కనుక బయటి సహాయం తీసుకున్నారా లేదా అన్నదాన్నిబట్టి విశ్వాసాన్ని కొలవడం కుదరదు. ఇద్దరిలోనూ ఉమ్మడిగా కనిపించేవి ప్రార్థన, తమ చేతికి అప్పగించబడినదాని విషయంలో నమ్మకత్వం.

దేవుని మాట ఆధారంగా అడుగు వేయడానికీ, నేను అడుగు వేశాను గనుక దేవుడు పట్టుకోవలసిందే అనడానికీ చాలా తేడా ఉంది. దేవాలయ శిఖరంమీద ప్రభువుకు ఎదురైన శోధన ఈ రెండో రకానిదే. కిందికి దూకమంటూ అపవాది చూపించిన వచనం 91వ కీర్తనలోనిదే, అబద్ధపు వచనం కాదు. అయినా ప్రభువు దూకలేదు; అవసరం లేనిచోట దేవుని పరీక్షించడం అవుతుందని దానిని తిరస్కరించాడు. మీ కూడికలోని సహోదరీలు ప్రేమతోనే చెప్పి ఉంటారు, వారిని తప్పుపట్టకండి. అయితే ఇ.ఎం.ఐ. కట్టలేకపోతే బ్యాంకువారి ఫోన్లు వచ్చేది మీ భర్తకేనని, మందులు ఆగితే కష్టపడేది మీ అత్తగారేనని గుర్తుపెట్టుకోండి. మన త్యాగాన్ని ఇతరుల జేబులోనుండి తీసి దేవునికి ఇవ్వడం సమర్పణ అనిపించుకోదు. తలిదండ్రులకు ఇవ్వవలసినదానిని "కొర్బాను" అని దేవుని పేర పెట్టి తప్పించుకున్నవారిని ప్రభువు మార్కు 7లో ఎంత కఠినంగా గద్దించాడో మీకు తెలుసు.

పాస్టరుగారు ముల్లర్‌గారిని గుర్తుచేయడం మంచిదే, కాకపోతే ఆ జీవితాన్ని మొత్తంగా చూడాలి. ఆయన 1830లో తన స్థిరమైన జీతాన్ని వదులుకున్నారు. 1836లో బ్రిస్టల్‌లో అనాథ బాలికలకు గృహం తెరిచారు, తరువాత ఆష్లీ డౌన్ అనేచోట ఐదు పెద్ద గృహాలు కట్టించారు, వాటిలో రెండువేలమందికి పైగా పిల్లలకు చోటు ఉండేది. తమ అవసరాలను మనుష్యులకు చెప్పి చందాలు అడగలేదు, ప్రార్థనలో దేవునికే చెప్పారు. కానీ అప్పు చేయకూడదన్నది కూడా ఆయన పెట్టుకున్న నియమమే. చేతిలో డబ్బు లేకపోతే ఖర్చు ఆపేవారు గాని అరువు తెచ్చేవారు కాదు. వచ్చిన ప్రతి కానుకనూ లెక్క రాసి, ఏటేటా నివేదిక అచ్చువేయించేవారు. ఆయన మార్గంలో నడవాలనుకునేవారు మొదట చేయవలసినది నెత్తిమీదున్న అప్పును ఎదురుగా పెట్టుకొని చూడడం.

మన తెలుగునేలమీది సాక్ష్యమే కావాలంటే ఒంగోలు ప్రార్థన కొండ సంగతి ఉంది. అమెరికా మిషనరీ జ్యూయెట్ దొరగారు 1854 జనవరి 1 ఉదయం తనవారితో కొండెక్కి ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. మరొక మిషనరీ క్లౌ దొరగారు అక్కడ కాపురం పెట్టింది 1866లో. ప్రార్థనకూ జవాబుకూ మధ్య పన్నెండేళ్లు గడిచాయి. క్లౌగారు స్వదేశంలో సర్వే పని నేర్చినవారు. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకొని కరువు బాధితులకు కూలి చూపించారు. తిండికోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు తీరేవరకు బాప్తిస్మాలు ఆపారు. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మన ప్రసంగాలలో ఆ 2,222 వినిపిస్తుంది గాని, సర్వే గొలుసు, కూలి పద్దు వినిపించవు. ఇది ఎప్పటినుండో నా మనసులో ఉన్న ఫిర్యాదు.

ఇక మీ లెక్క. మీరు మొహమాటపడుతున్నారు గనుక నేనే వేస్తాను. క్వార్టర్సు ఉంది కాబట్టి ఫ్లాటు అద్దెకు ఇవ్వవచ్చు. అద్దె 9,000 వస్తుందనుకుందాం. మీ జీతం 17,000 కలిపితే 26,000. ఇ.ఎం.ఐ. పోగా మిగిలేది 11,500. అందులోనే నలుగురి భోజనం, అత్తగారి మందులు, పాప ఇంటర్ చదువు. ఇది చాలదు. చాలదని చెప్పడం దేవుని శక్తిని తక్కువ చేయడం అవదు, కాగితంమీద ఉన్నది చదవడమే. అయితే మీ భర్తకు పార్వతీపురంలోనో బొబ్బిలిలోనో అదే స్పేర్ పార్ట్స్ పని పది పన్నెండు వేలకు దొరికినా ఈ లెక్క నిలబడుతుంది. అంటే మీ కుటుంబం మన్యానికి వెళ్లడమన్నది మీ జీతంకన్నా మీ భర్త ఉద్యోగంమీద ఎక్కువగా ఆధారపడి ఉంది. ఇప్పటివరకు మీ ప్రార్థనలన్నీ మీ పిలుపు గురించే సాగాయని మీ ఉత్తరాన్నిబట్టి అనిపిస్తోంది. ఇకనుండి మీ భర్త ఉద్యోగం గురించి కూడా, పేరుపెట్టి, ఇద్దరూ కలిసి ప్రార్థించండి.

పి.ఎఫ్. డబ్బుతో నెలలు గడపమన్న సలహాను పక్కన పెట్టండి. అది మీ వృద్ధాప్యానికి దాచినది. కొత్త ఆసుపత్రివారికి పి.ఎఫ్. ఉంటే మీ ఖాతాను అక్కడికి మార్పించుకోవచ్చు. మీరు ప్రస్తావించని మొత్తం మరొకటి ఉంది: అయిదేళ్లు దాటి పనిచేసినవారు రాజీనామా చేసినా గ్రాట్యుటీకి హక్కుదారులే. ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున, మూల వేతనాన్ని 26తో భాగించి లెక్కకడతారు. మీ 18,000కు, 11 ఏళ్లకు అది సుమారు 1,14,000 అవుతుంది. దానిని నెలవారీ ఖర్చులకు వాడకుండా, ఏడెనిమిది నెలల వాయిదాల పాటి నిల్వగా విడిగా ఉంచండి. గృహరుణం గడువు పొడిగించి వాయిదా తగ్గించడానికి వీలుందేమో, జీతం తగ్గకముందే బ్యాంకులో అడగండి.

మీ భర్త మౌనం విషయానికి వస్తే, మౌనం అర్ధాంగీకారమన్న సామెతను ఇంత పెద్ద నిర్ణయానికి వర్తింపజేయవద్దు. "మీరు ఒప్పుకుంటారా లేదా" అని నిలదీస్తే ఆయన మరింత ముడుచుకుంటారు. "అక్కడికి వెళ్తే మీకు దేనిగురించి భయం?" అని అడిగి, ఆయన చెబుతున్నంతసేపూ మధ్యలో వాక్యం ఎత్తకుండా వినండి. బహుశా పాప చదువు అంటారేమో, తల్లికి రాత్రిపూట ఏమైనా అయితే పెద్దాసుపత్రి ఎంత దూరమంటారేమో, ఇంటికి ఎక్కువ సంపాదించే మనిషి ఉద్యోగం మానుతుంటే నలుగురూ ఏమంటారంటారేమో. ఏది చెప్పినా అది విశ్వాసానికి అడ్డు అని ముద్ర వేయకండి. కొడుకు పుడితే దేవునికే ఇస్తానని హన్నా షిలోహులో ఒంటరిగా మొక్కుకుంది. కానీ సమూయేలు పుట్టాక, పాలు విడిచేవరకు తాను మందిరానికి రానని ఎల్కానాకు చెప్పి, ఆయన సమ్మతితో ఇంటిదగ్గరే ఆగింది. ఆ ఆలస్యంవల్ల ఆమె మొక్కు చెడలేదు. పాప మార్చిలో పరీక్షలు రాసి, మే నెలలో ఫలితాలు చేతికి వచ్చాక బయలుదేరితే మీ సమర్పణ తగ్గిపోదు.

వాగ్దాన కార్డు గురించి రెండు మాటలే చెబుతాను. ఆ రాత్రి అదే పెట్టెలోనుండి అదే వచనం మీ సంఘంలో ఇంకొకరికి కూడా వచ్చి ఉండవచ్చు, వారు హైదరాబాదులోనే ఉండవలసినవారూ కావచ్చు. యెహోషువ 1:9 ధైర్యాన్ని ఇస్తుంది, ఊరు పేరు చెప్పదు. అదే అధ్యాయం 11వ వచనంలో, యొర్దాను దాటడానికి ముందు ఆహారం సిద్ధపరచుకోమని పాళెమంతటా చాటించిన సంగతి కూడా ఉంది.

ఇంతవరకు చెప్పినదంతా చదివి, "అయితే ఇక వద్దులే" అని మీరు ఊపిరి పీల్చుకుంటే నా ఉద్దేశం తలకిందులైనట్లే. లెక్క చూసుకోవడం తప్పు కాకపోయినా, లెక్కను ఎప్పటికీ ముగించకపోవడం తప్పవుతుంది. పాప ఇంటర్ అయ్యాక అని, ఆ తరువాత బి.టెక్. అని, ఆ తరువాత పెళ్లి అని వాయిదా వేస్తూ పోతే మీ భారం అక్కడే ఉంటుంది, మీ వయస్సు మాత్రం ఉండదు. యొర్దాను పొర్లిపారుతున్నప్పుడు యాజకుల అరికాళ్లు నీళ్లలో తడిసిన తరువాతే ప్రవాహం ఆగింది. ఆహారం సిద్ధమైంది, మూడు రోజులు గడిచాయి, మందసం భుజంమీద ఉంది. అయినా ఎదురుగా నీళ్లు ఉన్నాయి. మీ లెక్కలో కూడా చివరికి ఏదో ఒక అంకె కలవకుండానే ఉంటుంది. భర్త సమ్మతి దొరికి, ఆయనకు పని కుదిరి, పరీక్షలు అయిపోయాక నెలకు రెండు మూడు వేలు తక్కువ పడుతుందని కనిపిస్తే, అక్కడ ఆగవద్దు. అంతమేరకు దేవునిని నమ్మవలసినది మీరే.

ఆ నమ్మకం దేనిమీద ఉండాలన్నది కూడా ఆలోచించండి. ప్రతిమకు మొక్కకపోతే అగ్నిగుండంలో వేస్తానని బబులోను రాజు బెదిరించినప్పుడు షద్రకు, మేషాకు, అబేద్నెగో తమ దేవుడు తప్పించడానికి సమర్థుడని రాజుతో చెప్పి, ఒకవేళ ఆయన తప్పించకపోయినా నీ ప్రతిమకు నమస్కరించబోమని అదే ఊపిరిలో చెప్పారు. వారి ధైర్యం జరగబోయే ఫలితాన్నిబట్టి వచ్చినది కాదు, తాము సేవించే దేవుడు ఎవరో తెలిసినందువల్ల వచ్చినది. అబ్రాహాము విషయంలోనూ అంతే. ఎక్కడికి వెళ్తున్నాడో తెలియక బయలుదేరాడని హెబ్రీ పత్రిక చెబుతుంది. చేరిన దేశంలో కొద్దికాలానికే కరువు వచ్చిందని ఆదికాండము 12 చెబుతుంది. విధేయులైనవారికి కరువు రాదన్న హామీ లేదు. మన్యంలో మీకు జ్వరాలు రావచ్చు, కరెంటు పోవచ్చు, వానాకాలంలో దారి తెగిపోవచ్చు, డాక్టరు సెలవుమీద వెళ్లిన రోజున కాన్పు కేసు రావచ్చు. అవి వచ్చినప్పుడు "నేను తప్పుగా విన్నానేమో" అని వెంటనే అనుకోకండి.

మీ వృత్తిలోనే ఒక ఉదాహరణ చెబుతాను. గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి పేరు మీరు వినే ఉంటారు. డాక్టర్ అన్నా కుగ్లర్‌గారు వైద్యం చదివినా, ఆమెను పంపిన సంఘంవారు అప్పటికి వైద్యసేవ మొదలుపెట్టడానికి సిద్ధంగా లేరు. కాబట్టి ఘోషా స్త్రీలకు బోధించే పనిమీద 1883లో గుంటూరు వచ్చారు. ఆ పని చేస్తూనే రోగులను చూశారు, తెలుగు నేర్చుకున్నారు. స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తలుపులు తెరుచుకున్నది 1898లో, అంటే ఆమె వచ్చిన 15 ఏళ్లకు. ఆమె తనకు ఇచ్చిన పనిని అలుసు చేయలేదు, తనకున్న భారాన్ని వదిలిపెట్టనూ లేదు. మీరు వెళ్లేలోగా సవర గాని కువి గాని, అక్కడివారు ఏ భాష మాట్లాడితే ఆ భాషలో "ఎక్కడ నొప్పి, ఎన్నాళ్లనుండి, ఏమి తిన్నావు" అని అడగడం నేర్చుకోవడం మొదలుపెట్టవచ్చు.

రాజీనామాకు ముందు పది పదిహేను రోజులు సెలవుపెట్టి, వీలైతే మీ భర్తతో కలిసి, వానాకాలంలోనే అక్కడికి వెళ్లి చూడండి. రాత్రి డ్యూటీ ఎందరు చేస్తున్నారో, జీతాలు ఏ తేదీకి అందుతున్నాయో, ముందు పనిచేసిన నర్సు ఎందుకు వెళ్లిపోయిందో అక్కడి సిబ్బందిని అడగండి. సేవ అన్న పేరుతో నియామక పత్రం ఇవ్వడానికి వెనకాడే సంస్థ అయితే జాగ్రత్తపడండి. నమ్మకమైనవారు మీ ప్రశ్నలకు నొచ్చుకోరు. మీ రిజిస్ట్రేషన్ తెలంగాణ నర్సింగ్ కౌన్సిల్‌లో ఉంటే ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌లో నమోదు చేయించుకోవాలి. దానికి సమయం పడుతుంది గనుక ముందుగానే దరఖాస్తు పెట్టండి.

ఇక తిరిగివస్తే అవమానం కాదా అన్న ప్రశ్న. పౌలు బితూనియకు వెళ్లాలని ప్రయత్నం చేస్తే యేసుయొక్క ఆత్మ వెళ్లనియ్యలేదని అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం దాచకుండా రాసింది. త్రోయలో ప్రభువు తనకు తలుపు తీసినా, తీతు కనబడనందున మనస్సుకు నెమ్మదిలేక అక్కడివారిని విడిచి మాసిదోనియకు వెళ్లానని ఆయనే కొరింథీయులకు రాశాడు. ఆ ప్రయాణాలవల్ల దేవుని నామానికి అవమానం వచ్చిందని సంఘం ఎన్నడూ అనుకోలేదు. రెండేళ్లు అక్కడ నమ్మకంగా పనిచేసి, అత్తగారి ఆరోగ్యం కారణంగానో మరొక కారణంగానో మీరు హైదరాబాదు చేరితే, ఆ రెండేళ్లలో మీరు కట్టుకట్టిన గాయాలు మానకుండా పోవు. వెళ్లేముందు సంఘంలో గొప్పగా సాక్ష్యం చెప్పించుకొని, శాలువా కప్పించుకొని బయలుదేరితేనే తిరిగిరావడం కష్టమవుతుంది. కాబట్టి నిశ్శబ్దంగా వెళ్లండి. ఇప్పటి ఆసుపత్రిలో నోటీసు గడువు పూర్తిగా పనిచేసి, రిలీవింగ్ లెటరు, అనుభవ ధ్రువపత్రం తీసుకొని, నర్సింగ్ సూపరింటెండెంటుగారితో మంచిగా మాట్లాడి సెలవు తీసుకోండి. మన్యం చూసివచ్చాక మీ భర్త ఏమన్నారో మళ్లీ రాయండి.